అంటు దాటిన కబురు

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. సముద్రం వైపు నుంచి మబ్బులు వరసగా లేచి వస్తున్నాయి గాని, పొదిలి దాకా వచ్చేసరికి ఏకిన దూదిలా పల్చబడి పీలికలైపోతున్నాయి. ఆ పీలికల సందుల్లోంచి ఎండ ఒక చేను మీద పడుతుంది, పక్క చేను మీద పడదు. కోటిలింగం మిరపచేను మీద పడినప్పుడు మాత్రం అలీ సాహెబుకి చూడబుద్ధి కాలేదు. చేనంతా బొబ్బర తెగులు. ఆకులు పడవల్లా పైకి ముడుచుకుపోయి, ఈనెలు ఉబ్బి, మొక్కలు మోకాలెత్తు దగ్గరే గిడసబారి నిలబడ్డాయి.

"చూశావుగా మావా," అన్నాడు కోటిలింగం, గట్టు మీద బండికి స్టాండు వేస్తూ. "దున్నించి శనగ చల్లుకుందామంటే ఈ అమ్మాయి వచ్చి ఆ మూల కాసిని మొక్కలు వదిలెయ్యమంటది. అయ్యి బాగుపడుతున్నయ్యంట! రోగమొచ్చిన మిరప బాగుపడటం నువ్వెప్పుడన్నా చూశావా?"

అలీ సాహెబు చూడలేదు. బొబ్బర పట్టిన మొక్క పీకెయ్యటానికే అని చిన్నప్పటి నుంచీ విన్నాడు, పీకాడు.

ఆ అమ్మాయి పేరు ఆరాధన. గుంటూరులో పరిశోధన చేస్తోంది. పొదిలిలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని, అట్టపెట్టెలూ సీసాలూ పట్టుకుని వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి నిలబడలేదు. చేను మూలకు పోయి ఒక మొక్కను రెండు అరచేతుల మధ్యకు తీసుకుని, "ఇటు రండి అలీగారూ," అని పిలిచింది.

అతను కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని వంగాడు. కింది ఆకులు ముడతే. నడిమి ఆకుల్లో ముడత కాస్త తగ్గింది. చివర చిగురు మాత్రం చదునుగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. ఒకే కాండం మీద రోగమూ ఆరోగ్యమూ మెట్లు మెట్లుగా ఉన్నాయి.

"మందు కొట్టారా?"

"లేదండీ."

"మరి?"

"మొక్కే చేసుకుంది."

అతను ఆ చిగురును వేలితో తాకలేదు. చూస్తూ ఉండిపోయాడు.

చేను పక్కన ఆమె సన్నటి వలతో ఒక చిన్న పందిరి వేయించింది, దోమ కూడా దూరనంత సన్నటి వల. లోపల రెండు చెక్క బల్లలు, తూర్పున ఒకటి, పడమట ఒకటి. బల్లల మీద కుండీలు. సగం కుండీల్లో బాగుపడిన మిరప మొక్కల్ని తవ్వి తెచ్చి నాటారు, సగం కుండీల్లో రోగం ఎరగని మొక్కలు. రెండు రకాలూ రెండు బల్లల మీదా కలిసే ఉన్నాయి. అన్నింటికీ తల తీసేసి, ఆ మోడు మీద రోగం ఎరగని లేత కొమ్మను అంటు కట్టాలి. ఆ పనికే అలీ సాహెబును పిలిపించింది. అంటు పట్టిన తర్వాత, ఈ రోగాన్ని మోసే తెల్లదోమను వదిలి రోగం ఎక్కిస్తుంది. కింద బాగుపడిన మొక్క ఉంటే, పై కొమ్మను అది కాపాడుతుందా లేదా? ఆమెకు కావలసింది అదొక్కటే.

"మామిడీ సపోటా అయితే కళ్ళు మూసుకుని కడతానమ్మా," అన్నాడతను. "మిరప ఎప్పుడూ కట్టలా."

"ఈయన చెయ్యి వణుకుద్ది, ముందే చెబుతున్నా," అంది ఖుర్షిదా. భార్యను అతను పట్టీలు చుట్టటానికి తెచ్చుకున్నాడు. "నర్సరీ గోపాలకృష్ణ గారు ఏమన్నాడో చెప్పమంటావా? ఇంట్లో కూర్చోండి సాయిబుగారూ, కుర్రాళ్ళు క్లిప్పులు పెట్టి గబగబా కట్టేస్తున్నారు అన్నాడు. ముప్పయ్యేళ్ళు ఆ నర్సరీలో ఈయన కట్టిన చెట్లే!"

"నోరు ముయ్యవే."

"నిజమేగా."

నిజమే. అందుకే పొద్దున బయల్దేరేటప్పుడు ఆమెతో అన్నాడు, ఇవి పట్టి నిలబడితే నా చెయ్యి ఇంకా ఉన్నట్టు, లేకపోతే ఈ కత్తి నీ కూరగాయలకే అని. నవ్వుతూ అన్నాడు గాని నవ్వు కాదది. ఆమెకూ తెలుసు.

పెద్ద అంటుకత్తి పనికి రాదని కాండం పట్టుకోగానే తెలిసింది. పెన్సిలంత లేదు. గడ్డం గీసుకునే బ్లేడును కాగితంలో పెట్టి నిలువునా విరిచాడు. చెయ్యి గాలిలో ఉన్నంతసేపూ వణికింది. బ్లేడు కాండాన్ని తాకగానే ఆగిపోయింది. తల తీశాడు. మోడు నడిమికి నిలువుగా చీల్చాడు. లేత కొమ్మ అడుగును ఈ వైపొక గీటు, ఆ వైపొక గీటు చెక్కి మేకులా చేశాడు. మూడో గీటు పెట్టకూడదు, పెడితే ఎగుడుదిగుడవుతుంది, సందులో గాలి చేరుతుంది. పెదవులతో బిస్మిల్లా అనుకుని, ఊపిరి బిగబట్టి, చీలికలోకి మేకు దించాడు. కనీసం ఒక పక్కనన్నా బెరడుకు బెరడు, తోలుకు తోలు ఆనాలి. ఆనింది. ఖుర్షిదా వేళ్ళు వెంటనే వచ్చి పాలిథిన్ పట్టీ చుట్టేశాయి. పైన పుల్ల ఐసు కవరు తొడిగింది, లోపల చెమ్మ నిలవటానికి.

"ఐసు పిల్లలు తినాల్సింది మిరపకు తినిపిస్తున్నారు," అన్నాడు కోటిలింగం పందిరి గుమ్మంలోంచి.

"నువ్వు లోపలికి రాకు. వల తెరిస్తే దోమొస్తది," అంది ఖుర్షిదా.

"నా పొలంలో నన్నే రావద్దంటది చూడు!"

పని సాగుతుండగా అలీ సాహెబు తలెత్తకుండానే అడిగాడు. "మొక్కే చేసుకుందన్నావు. ఏం చేసుకుందమ్మా?"

ఆరాధన కుండీ ఒకటి పక్కకు జరిపి బల్ల అంచున ఆనుకుంది. "కణం అంటే తెలుసుగా అండీ. ఆకును కొయ్యగా కొయ్యగా చివరికి మిగిలే గది. ఆ గదిలో నడిచే కబుర్లన్నీ ఒంటిపేట దారాల్లాంటివి. ఆర్‌ఎన్‌ఏ అంటాం. వైరస్ లోపలికొచ్చి తన సంతానాన్ని పెంచుకునేటప్పుడు ఆ దారం రెండు పేటలుగా మెలిపడుతుంది. మొక్కకు అక్కడే అనుమానం వస్తుంది. కణంలో ఒక కత్తెర ఉంది. ఒంటిపేట జోలికి పోదు. రెండు పేటలది కనపడితే చాలు, ముక్కలు చేసేస్తుంది. అన్నీ ఇంచుమించు ఒక్క కొలతే, కొలబద్ద పెట్టి కోసినట్టు."

"కోసి?"

"ఆ ముక్కలో ఒక పేటను పారేసి, రెండో పేటను ఇంకొకటి పట్టుకుంటుంది. దాన్ని గుర్తుగా పెట్టుకుని గదంతా వెతుకుతుంది. దానికి సరిపోయేది ఎక్కడ దొరికితే అక్కడ తెగ్గొడుతుంది."

"దొంగ చొక్కా పీలిక వాసన చూసిన పోలీసు కుక్క లాగా!" అన్నాడు కోటిలింగం గుమ్మంలోంచే.

"అచ్చం అట్లాగే. ఇంకా వింత ఏంటంటే, ఆ పీలికలు పక్క గదికి పోతాయి. అక్కణ్ణుంచి ఇంకో గదికి. మొక్క తిండి ప్రవహించే దారిలో పడి పైకి ఎక్కుతాయి. దొంగ ఇంకా చేరని చిగురుకి కబురు ముందే చేరుతుంది."

అలీ సాహెబు బ్లేడు పక్కన పెట్టాడు. తను తెగ్గోసిన మోడు వైపు చూశాడు. తెల్లగా, చెమ్మగా ఉంది. అందులోంచి ఏదో పైకి పోతూ ఉందా, తను తల తీసిన తర్వాత కూడా?

వల తెర కట్టటానికి ఖుర్షిదా నూలు దారం పిక్క మీద పెట్టి అరచేత్తో పేనుతోంది. ఆమెది దూది ఏకే ఇల్లు, వేళ్ళకు ఆ పని ఇంకా గుర్తుంది. మెలి ఎక్కువై, కొస వదలగానే దారం గిర్రున తన మీద తాను మడతపడి జంటగా చుట్టుకుంది.

"ఇదే!" అంది ఆరాధన, ఆ మడతను వేళ్ళతో పట్టుకుని. "వైరస్ రాకపోయినా సరే. మొక్క తన కోసం తాను రాసుకున్న ఒంటిపేట దారం ఇట్లాగే తన మీద తాను మెలేసుకుంటుంది. కత్తెర వచ్చి ఈ మెలికలోంచి చిన్న ముక్క తీస్తుంది. ఆకు ఎంత పెరిగాక ఆగాలి, పువ్వు ఎప్పుడు పుయ్యాలి, అన్నింటికీ ఆ చిన్న ముక్కలే కళ్ళెం వేస్తాయి."

"మొక్కల్లోనేనా?" అంది ఖుర్షిదా.

"మీలో కూడా. నాలో. ఆ గట్టు మీది గేదెలో. ఇప్పుడు మనం మాట్లాడుకుంటుండగా."

ఖుర్షిదా తన చెయ్యి తిప్పి అరచేతిలోకి చూసుకుంది. తర్వాత ఆ దారాన్ని విప్పటానికి మనసు రాక, మడత మడతగానే రవికెకు గుచ్చుకుంది.

* * *

నీళ్ళు పోసే పని అతనే పెట్టుకున్నాడు. పొద్దు పొడవకముందే సైకిలు మీద వచ్చి, కాళ్ళు కడుక్కుని, వల తెర కొద్దిగా ఎత్తి పక్కకు జారి లోపలికి పోయేవాడు. కవర్ల లోపల చెమ్మ పూసలు పూసలుగా పట్టి ఉండేది. మొదట కొమ్మలన్నీ వాడి తలలు వాల్చాయి. అది అతనికి కొత్త కాదు, ఏ అంటయినా ముందు వాలుతుంది. అయినా చూడకుండా ఉండలేడు. ఓ పొద్దున తూర్పు బల్ల మీద ఒక కొమ్మ తల ఎత్తింది. దాని పక్కది కూడా. కవరులోకి కళ్ళు ఆనించి చూస్తే, చివర ఆవగింజంత ఆకుపచ్చ.

పట్టాయి.

అతను కాసేపు బల్ల పట్టుకుని నిలబడ్డాడు. మిరప. ఈ వయసులో. వణికే చేత్తో.

ఆ సంతోషంలో చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. అంటు పట్టిన తర్వాత కట్టు కింద ఆకు ఉండకూడదు, చిగురు ఉండకూడదు. పై కొమ్మకు పోవలసిన బలాన్ని కిందిది తాగేస్తుంది. పని నేర్పిన మేస్త్రి ఈ విషయంలోనే వీపు మీద చరిచేవాడు. అలీ సాహెబు బొటనవేలి గోరు ఆ చరుపులు తిన్నప్పటి నుంచీ పొడుగ్గానే ఉంటుంది. తూర్పు బల్ల మీద ఒక్కో కుండీ తిప్పుకుంటూ, కట్టు కింది ఆకులన్నీ టక్కు టక్కున గిల్లేశాడు. ముడత ఆకులూ మంచి ఆకులూ గుప్పెట నిండా అయ్యాయి. పడమటి బల్ల కూడా ముగించేవాడే, ఇంతలో చినుకులు మొదలయ్యాయి. గిల్లిన చోట వాన చెమ్మ తగిలితే కుళ్ళుతుంది. వెలిశాక చూద్దాంలే అని వచ్చేశాడు.

ముసురు పట్టింది. వాన అట్టే లేదు గాని ఆకాశం విప్పుకోలేదు. అది వెలిసి, నేల ఆరి, గట్టు మీద అడుగు జారకుండా అయ్యాక పడమటి బల్ల కూడా గిల్లేశాడు. రెండు బల్లలూ ఇప్పుడు చూడ ముచ్చటగా ఉన్నాయి. కింద శుభ్రమైన కాండం, పైన చిన్న చిగురు. నర్సరీలో అమ్మకానికి పెట్టినట్టే.

మర్నాడు ఆరాధన వచ్చింది. వస్తూనే కవర్లు తీసింది. ఒకటి, రెండు, తర్వాత గబగబా అన్నీ. "అన్నీ బతికాయి అలీగారూ! మా ల్యాబులో నేను కడితే సగం చచ్చాయి తెలుసా?" ఆమె మొహం చూసి అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఖుర్షిదా గుమ్మంలో నిలబడి, కోటిలింగానికి వినపడేట్టు, "మా ఆయన కట్టింది చావటమా?" అంది.

అప్పుడు ఆరాధన చూపు కిందికి దిగింది. కుండీని ఎత్తింది. తిప్పింది. పక్కది ఎత్తింది.

"కింది ఆకులేవండీ?"

"గిల్లేశానమ్మా," అన్నాడతను, ఇంకా ఆ సంతోషంలోనే ఉండి. "లేకపోతే పై కొమ్మకి బలం రాదు."

ఆమె బోర్లించి ఉన్న బక్కెట్టు మీద మెల్లగా కూర్చుంది. చేతిలోని కుండీని ఒడిలో పెట్టుకుంది. ఆ కూర్చోవటంలోనే అతనికి ఏదో తెలిసింది.

"ఏమైందమ్మా?"

"ఆ ఆకుల్లోనేనండీ అవి తయారయ్యేది," అంది చివరికి. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించిందతనికి. "ముడుచుకుని పనికిరానట్టు కనపడే ఆ ఆకులే. వాటి గదుల్లోనే కత్తెర ఆడేది. అక్కణ్ణుంచే ముక్కలు పైకి ఎక్కాలి. చెప్పాల్సింది నేను. ఎవరూ గిల్లుతారని తోచలేదు నాకు."

కోటిలింగం పకపకా నవ్వాడు. "ఓరి నీ పనితనం మండ! పవర్ ప్లాంటు పీకి పారేసి, ఇంట్లో లైటు వెలుగుద్దా అని చూస్తున్నావా మావా?"

"నువ్వు దున్నుకునే చేను దున్నుకో పో!" అంది ఖుర్షిదా. "తెలిసి చేశాడా? నలభయ్యేళ్ళ అలవాటు. నీకు తెలిసి ఏడ్చిందా ఆకుల్లో ఏముందో? నువ్వు చేనంతా పీకబోయావు!"

అలీ సాహెబు తన బొటనవేలి గోరు వైపు చూసుకుంటున్నాడు. అన్ని చెట్లకు మేలు చేసిన గోరు. ఒక్క పొద్దులో ఒక పిల్ల ఏడాది కష్టాన్ని గిల్లి పారేసింది. గోపాలకృష్ణ ఇంట్లో కూర్చోమన్నప్పుడు కూడా ఇంత సిగ్గుపడలేదు. అప్పుడు అతను తప్పు చెయ్యలేదు.

కుండీని బల్ల మీద పెట్టి ఆరాధన లేచింది. "దోమను తెచ్చాను ఎట్లాగూ," అంది. "వదిలేసి చూద్దాం. మళ్ళీ కట్టుకోవాలంటే వచ్చే పంటకే."

రోగం ఉన్న మొక్కల మీద పెంచిన తెల్లదోమల సీసాలు పెట్టెలోంచి తీసింది. మూతలకు బదులు గుడ్డ కట్టి ఉంది. ఒక్కో సీసా గుడ్డ విప్పి, అడుగున చేత్తో కొడితే, పిండి ఊదినట్టు తెల్లగా లేచి లేత కొమ్మల మీద వాలాయి. వదిలే ముందు ఒక మాట చెప్పింది. ప్రతి కుండీకీ అడుగున రంగు చుక్క ఉంది, కింద బాగుపడిన మొక్క అయితే నీలం, రోగం ఎరగనిదైతే తెలుపు. ఆకులు గిల్లాక పైనుంచి చూస్తే ఏది ఏదో తెలియటం లేదు. అట్లాగే ఉండనిమ్మంది. "చూసేవాళ్ళకి తెలియకపోవటమే మంచిది. తెలిస్తే మన కన్ను మనకు కావలసిందే చూస్తుంది."

"దున్నకం సంగతి?" అన్నాడు కోటిలింగం.

"ఈ ఫలితం చూసేదాకా ఆ మూల వదలండి. తర్వాత మీ ఇష్టం."

* * *

రావద్దని ఎవరూ అనలేదు గనక అలీ సాహెబు వస్తూనే ఉన్నాడు. నీళ్ళు పోసేవాడు. దేన్నీ ముట్టుకునేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య నడిచేవాడు.

మిగతా చేను కోటిలింగం దున్నించేశాడు. దుక్కి మధ్యలో ఆ మూల ముక్కా, వల పందిరీ లంకలా మిగిలాయి. శనగ మొలక లేచింది.

ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా అతనికి ఆ గదులే కళ్ళ ముందు. "ఒసేయ్, అంత చిన్న గదిలో చీకటిగా ఉండదూ? కత్తెరకు దారం ఎట్టా కనపడుద్ది?" అని ఒక రోజు అడిగాడు. "తడిమి పట్టుకుంటదేమో, నేను పేనినట్టు," అంది ఖుర్షిదా. అతను ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. అది నిజమే అయి ఉండాలనిపించింది. కళ్ళు సరిగా ఆనని తను కూడా తోలుకు తోలు తడిమే ఆనించాడు.

తూర్పు బల్ల మీద మొదటి ముడత కనపడింది. ముందు చిగురాకు అంచు పైకి లేచింది, అంతే. మర్నాటికి పక్క కుండీ. ఇంకో మర్నాటికి ఎదటి వరస. రోజూ పోతున్నాడు, రోజూ ఒక ఆకు ముడుచుకుంటోంది. తూర్పు బల్ల మొత్తం పడవలైపోయింది. పడమటి బల్ల మీద కూడా మొదలైంది. అక్కడ కొన్ని ఇంకా ముడవలేదు గాని, వాటి మీద దోమ సరిగా వాలలేదేమో, రేపో ఎల్లుండో అవీ ముడుస్తాయిలే అనుకుని, చూడలేక బయటికి వచ్చేశాడు.

"పోయాయే," అన్నాడు ఇంటికి వచ్చి.

ఖుర్షిదా మామూలుగా ఏదో ఒకటి అనేదే. ఈసారి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను తాగాక, గూట్లోంచి అంటుకత్తి తీసి, దాన్ని చుట్టిన గుడ్డ విప్పకుండానే ఆమె చేతికి అందించాడు. "కూరగాయలు కోసుకో," అన్నాడు. ఆమె తీసుకోలేదు. గుమ్మంలో అట్లాగే ఇద్దరి మధ్యా ఆ గుడ్డమూట కాసేపు ఉండిపోయింది. చివరికి అతనే కిటికీలో పెట్టాడు.

* * *

ఆరాధన మళ్ళీ వచ్చే రోజుకు ట్రాక్టరు కూడా వచ్చింది. మిగిలిన మూల దున్నించేసి పని తెముల్చుకుందామని కోటిలింగం చెప్పి ఉంచాడు. డ్రైవరు బుల్లయ్య ఇంజను ఆపకుండానే గట్టు పక్కన నిలబెట్టి బీడీ కాలుస్తున్నాడు. ఖుర్షిదా కేరియరు పట్టుకుని వచ్చింది, గుంటూరు నుంచి వచ్చే పిల్ల ఏం తిని బయల్దేరిందోనని.

"అన్నీ ముడిచాయమ్మా," అన్నాడు అలీ సాహెబు ముందే. ఆమె చూసి బాధపడే దానికంటే తను చెప్పటం నయమనిపించింది.

"అన్నీనా?"

"ఇంచుమించు."

ఆమె లోపలికి వెళ్ళింది. తూర్పు బల్ల దగ్గర ఆగి, ఒక్కో కొమ్మా చూసి తలాడించింది. పడమటి బల్లకు వెళ్ళింది. అక్కడ చాలాసేపు ఉంది. బయట ఇంజను చప్పుడు. లోపల ఆమె ఊపిరి కూడా వినపడటం లేదు.

"అలీగారూ, ఈ కుండీలు కిందికి దించుదాం, పట్టండి."

పడమటి బల్ల మీదివి మాత్రమే దించారు. ముడిచినవన్నీ ఒక పక్క, ముడవనివి ఒక పక్క. అలీ సాహెబు అనుకున్నంత తక్కువేమీ కావు ముడవనివి. ముడిచినవెన్నో ఇంచుమించు ఇవీ అన్నే. ఎండలో పెడితే చదునుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఎల్లుండి ముడుస్తాయనుకున్నవి ఈ రోజుకీ ముడవలేదు.

ఆరాధన మోకాళ్ళ మీద కూర్చుంది. ముడిచిన కుండీ ఒకటి ఎత్తి అడుగు చూపించింది. తెల్ల చుక్క. ఇంకొకటి. తెలుపు. ఇంకొకటి. తెలుపు. ఆ పక్క మొత్తం తెలుపే.

ముడవని వాటి వైపు జరిగింది. మొదటి కుండీ ఎత్తబోయి ఆగింది. "మీరు ఎత్తండి," అంది.

అలీ సాహెబు రెండు చేతులతో కుండీని పట్టి, మొక్క కదలకుండా పైకి ఎత్తి, అడుగు చూడటానికి తల వంచాడు. నీలం.

దించి రెండోది ఎత్తాడు. నీలం.

కోటిలింగం ఎప్పుడు లోపలికి వచ్చాడో ఎవరూ చూడలేదు. "ఇంకోటి ఎత్తు మావా," అన్నాడు. గొంతులో వెటకారం లేదు.

నీలం. నీలం. చివరిది ఎత్తేసరికి అతని కళ్ళజోడు చెమ్మగిల్లి చుక్క కనపడలేదు. ఖుర్షిదా వంగి చూసింది. "నీలమే," అంది.

"మరి తూర్పు బల్ల?" అన్నాడు కోటిలింగం. "అక్కడ నీలం లేవా?"

ఆరాధన లేచి తూర్పు బల్ల కుండీలు తిరగేసింది. అక్కడ నీలమూ ఉన్నాయి, తెలుపూ ఉన్నాయి. అన్నీ ముడిచినవే. ఆమె నొసలు ముడిపడ్డాయి. "ఇదేంటి? ఒకే రోజు కట్టాం. ఒకే రోజు దోమను వదిలాం. ఆకులు లేకపోవటం రెండింటికీ ఒకటే."

అలీ సాహెబు గొంతు సవరించుకున్నాడు. "ఒకటి కాదమ్మా. తూర్పు బల్ల, పట్టిన రోజే గిల్లాను. చినుకులొచ్చాయని ఆపేశాను. పడమటిది ముసురు వెలిశాక గిల్లాను. ఆ రోజు చెప్పలేదు. నువ్వట్టా కూర్చునేసరికి నోరు పెగల్లేదు."

ఆమె అతని వైపు చూసింది. ఆ చూపు అతని మీద లేదు, అతన్ని దాటి ఎక్కడికో పోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. "ముసురున్న రోజులు," అంది మెల్లగా. "ఆ రోజుల్లో దాటాయి. ఇక్కడ ఆకులుండగానే అంటు దాటి పైకి వెళ్ళిపోయాయి. మీరు గిల్లేసరికి పైన అందరికీ కబురు తెలిసిపోయింది. తూర్పు బల్ల మీద ఇంకా దాటకముందే దారి తెగింది."

బుల్లయ్య ఇంజను ఆపినట్టున్నాడు, ఉన్నట్టుండి చేలమీది గాలి వినపడింది.

అలీ సాహెబు ఒక కుండీ ముందు గొంతుకూర్చుని, ఖుర్షిదా చుట్టిన కట్టును చూశాడు. పట్టీ కింద కాండం కాస్త ఉబ్బి ఉంది, రెండూ కలిసిపోయిన చోట. ఇన్నేళ్ళూ అంటు కట్టడమంటే తను రెండు మొక్కల్ని కలపడమనుకున్నాడు. తను చేసింది రెండు గాయాల్ని ఎదురెదురుగా పెట్టడం. కలుపుకున్నవి అవే. దారి పరుచుకున్నవీ అవే. ఆ తర్వాత చీకట్లో, ముసురులో, ఎవరూ చూడకుండా, లెక్కపెట్టలేనన్ని చిన్న చిన్న ముక్కలు ఒక్కొక్కటే ఆ మచ్చను దాటి, తమది కాని కొమ్మలోకి ఎక్కి, రాబోయే దొంగ పోలిక చెప్పి వచ్చాయి. తను కట్టిన మామిడి చెట్లలో, సపోటాల్లో ఇన్నేళ్ళుగా ఏమేం దాటి ఉంటాయి? అతను ఆ కాండం మీద వేలు పెట్టబోయి, పెట్టలేక, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అంటే నిజమైనట్టేనా?" అన్నాడు కోటిలింగం.

"కాదండీ. గుప్పెడు కుండీల మాట ఇది. వీటి ఆకులు తీసుకెళ్ళి లోపల ఆ ముక్కలున్నాయో లేదో చూడాలి. మళ్ళీ కట్టాలి, ఇంకా ఎక్కువ కట్టాలి." ఆమె అలీ సాహెబు వైపు తిరిగింది. "ఈసారి ఒక్కో వరస ఒక్కో రోజు గిల్లాలి. ఏ రోజుకి దాటుతుందో తెలియాలంటే అదే దారి. మీరు రావాలి."

"నా చెయ్యి..." అన్నాడతను.

"మీ చెయ్యే కావాలి."

అతను తల వంచుకున్నాడు. సరేనని అన్నాడో లేదో ఎవరికీ వినపడలేదు. ఖుర్షిదా మాత్రం అవతలికి తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

కోటిలింగం బయటికి వెళ్ళాడు. "ఒరేయ్ బుల్లయ్యా, ఇంటికి తోలెయ్. ఈ మూల దున్నేది లేదు."

"అదేందన్నా, రమ్మని చెప్పింది నువ్వేగా!"

"ఇప్పుడు పొమ్మంటన్నా. అయ్యి పనిలో ఉన్నయ్యి."

ట్రాక్టరు గట్టు దిగి పోయింది. దాని వెనక దుమ్ము లేచి, శనగ మొలకల మీద వాలి, సద్దుమణిగింది. ఆరాధన ఆకులు కోసి సీసాల్లో వేసి మూతలు బిగించింది. మొహం కడుక్కోవటానికి బోరు దగ్గరికి వెళ్ళి, నీళ్ళు దోసిట పట్టి, వాటినే చూస్తూ కాసేపు ఉండిపోయింది.

ఖుర్షిదా వల పందిరి నీడలో కేరియరు విప్పింది. అన్నం, గోంగూర పప్పు, వేయించిన వడియాలు, ఒక గిన్నెలో మజ్జిగ. పళ్ళేలు రెండే ఉన్నాయి. ఒకటి ఆరాధనకు పెట్టింది. ఒకటి తనకూ అలీ సాహెబుకూ. కోటిలింగానికి మామూలుగా ఇంటి నుంచి అన్నం వస్తుంది, గట్టు అవతల మోటారు షెడ్డులో విడిగా కూర్చుని తింటాడు. ఈ రోజు అతను అటు వెళ్ళలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి, చాప లేని చోట, అలీ సాహెబు పక్కన, మట్టిలోనే కూర్చున్నాడు. ఖుర్షిదా ఒక్క క్షణం చూసి, కేరియరు మూతను తుడిచి, అందులో అన్నం పెట్టి పప్పు పోసి అతని ముందు పెట్టింది.

అతను కలుపుకున్నాడు. అలీ సాహెబు కలుపుకున్నాడు. ముద్ద నోటి దాకా వచ్చేలోపు అలీ సాహెబు చెయ్యి వణికి రెండు మెతుకులు రాలాయి. కోటిలింగం వాటిని చూసి, మజ్జిగ గిన్నె అతనికి అందేట్టు జరిపాడు. వడియం విరిగిన చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. నలుగురూ నములుతున్నారు, మింగుతున్నారు, ఎవరి లోపల ఏ గదిలో ఏ దారం మెలిపడుతోందో, ఏ కత్తెర దాన్ని తడిమి పట్టుకుంటోందో వింటున్నట్టు తలలు వంచుకుని.

కోటిలింగం మూత ఖాళీ అయింది. అడగకుండానే ఖుర్షిదా ఇంకో గరిటె వేసింది.